హనుమకొండ లోక్‌సభ స్థానం ఎన్నికల చరిత్ర: పట్టిక సరిచూడడానికి సాయం కావాలి

ఓరుగల్లు దారి అడిగిన ప్రశ్న:

రద్దయిపోయిన హనుమకొండ లోక్‌సభ నియోజకవర్గానికి మొదటి నుంచి చివరి దాకా ఒక పట్టిక తయారవుతోంది. ఏడాది, గెలిచినవారు, పార్టీ, ఓట్లు, మెజారిటీ అన్న గళ్లతో మొదలైంది. నింపుతుంటే ఒక చోట ఉన్నది ఇంకో చోట ఉన్నదానితో కలవడం లేదు. తెలిసినవారు కింది సందేహాలు తీర్చగలరు.

ఒకటి, ఈ స్థానం ఎప్పుడు మొదలైంది? కొన్ని జాబితాల్లో 1971 గడిలో ఎస్.బి. గిరి పేరు ఉంది, కొన్నింటిలో 1977తోనే మొదలు. రెండు, ముగిసింది 2008లోనా, 2009లోనా? నియోజకవర్గాల హద్దుల పునర్విభజన ఉత్తర్వు 2008 ఫిబ్రవరిలో అమల్లోకి వస్తే, అదే ఏడాది మే నెలలో హనుమకొండకు ఉప ఎన్నిక ఎలా జరిగింది? మూడు, 1984లో పీవీ నరసింహారావు గారు ఓడిన ఎన్నికను బీజేపీ బలానికి గుర్తుగా చూడాలా, ఎన్టీఆర్ గాలికి గుర్తుగా చూడాలా? నాలుగు, ఈ ఫలితాలను ఇప్పటి వరంగల్ లోక్‌సభ ఫలితాల పక్కన పెట్టి ఓట్ల శాతం పెరిగింది, తగ్గింది అని రాయవచ్చా?

---

గణాంకం జవాబు:

ముందు వరుస సరిచేద్దామండి, మిగతావి దాని మీద నిలబడతాయి.

హనుమకొండ పేరుతో లోక్‌సభ స్థానానికి మొదటి ఎన్నిక 1977. అంతకుముందు ఈ పేరుతో పార్లమెంటు స్థానం లేదు. 1971 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పునర్విభజన ఉత్తర్వు 1976లో వచ్చింది. అప్పుడే ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ స్థానాలు 41 నుంచి 42 అయ్యాయి. హద్దులు చాలాచోట్ల మారాయి, కొత్త పేర్లు వచ్చాయి. ఎస్.బి. గిరి 1971లో తెలంగాణ ప్రజాసమితి తరఫున గెలిచింది వరంగల్ స్థానం నుంచి. ఆయనే 1977లో కాంగ్రెస్ తరఫున మళ్లీ వరంగల్ నుంచే గెలిచారు. కాబట్టి హనుమకొండ పట్టికలో ఆయన పేరుకు చోటు లేదు. "ఆ ఊరు అప్పుడు ఆ స్థానంలో ఉండేది కదా" అన్న ఆలోచనతో ఎవరో వెనక్కి పొడిగించి ఉంటారు. ఊరి చరిత్ర రాస్తే అది సరే, నియోజకవర్గ చరిత్రలో కుదరదు.

వరుస ఇది:

1977: పి.వి. నరసింహారావు, కాంగ్రెస్
1980: పి.వి. నరసింహారావు, కాంగ్రెస్ (ఐ)
1984: చందుపట్ల జంగారెడ్డి, బీజేపీ
1989: కమాలుద్దీన్ అహ్మద్, కాంగ్రెస్
1991: కమాలుద్దీన్ అహ్మద్, కాంగ్రెస్
1996: కమాలుద్దీన్ అహ్మద్, కాంగ్రెస్
1998: చాడ సురేష్ రెడ్డి, తెలుగుదేశం
1999: చాడ సురేష్ రెడ్డి, తెలుగుదేశం
2004: బోయినపల్లి వినోద్ కుమార్, టీఆర్‌ఎస్
2008 ఉప ఎన్నిక: బోయినపల్లి వినోద్ కుమార్, టీఆర్‌ఎస్

తొమ్మిది సాధారణ ఎన్నికలు, ఒక ఉప ఎన్నిక; గెలిచినవారు అయిదుగురే. ఆరో లోక్‌సభ నుంచి పద్నాలుగో లోక్‌సభ దాకా అన్నమాట. పార్టీలవారీగా కాంగ్రెస్ అయిదుసార్లు, తెలుగుదేశం రెండు, టీఆర్‌ఎస్ రెండు, బీజేపీ ఒకటి. అయిదుగురిలో ఒక్కసారే గెలిచింది జంగారెడ్డి ఒక్కరే.

పార్టీ గడి దగ్గర జాగ్రత్త. 1977లో పీవీ నిలబడిన కాంగ్రెస్ గుర్తు ఆవు-దూడ. 1978 జనవరిలో పార్టీ చీలింది. 1980లో ఆయన ఇందిరాగాంధీ వర్గమైన కాంగ్రెస్ (ఐ) అభ్యర్థి, గుర్తు చేయి. ఎన్నికల సంఘం నివేదికలో ఆ రెండు ఎన్నికలకు పార్టీ సంకేతాక్షరాలు వేరుగా ఉంటాయి. కంప్యూటర్‌లో పార్టీ పేరు మీద వడపోస్తే 1980 వరుస రాలిపోయి, పీవీ ఒక్కసారే గెలిచినట్టు కనిపిస్తుంది. ఈ తప్పు చాలా పట్టికల్లో ఇలాగే దూరుతుంది. గడిలో అసలు సంకేతం అలాగే ఉంచి, పక్కన "పార్టీ కుటుంబం" అని ఇంకో గడి పెట్టుకోండి.

పీవీ గారి గురించి తరచూ కనిపించే ఇంకో పొరపాటు: ప్రధానిగా ఉన్నప్పుడు ఆయన హనుమకొండ ఎంపీ అని రాయడం. 1984, 1989లలో ఆయన మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు. 1991 సాధారణ ఎన్నికల్లో పోటీ చేయలేదు. ప్రధాని అయ్యాక అదే ఏడాది నంద్యాల ఉప ఎన్నికలో గెలిచారు. 1996లో నంద్యాల, ఒడిశాలోని బరంపురం రెండూ గెలిచి బరంపురం ఉంచుకున్నారు. హనుమకొండకు ఆయన ప్రాతినిధ్యం 1977 నుంచి 1984 దాకానే.

కమాలుద్దీన్ గారి విషయంలోనూ ఒకటి: ఆయన 1980లోనే లోక్‌సభకు వెళ్లారు, కానీ వరంగల్ నుంచి. ఎంపీల జీవిత వివరాల పుస్తకం చూసి "నాలుగుసార్లు హనుమకొండ ఎంపీ" అని రాసేయకండి. హనుమకొండ నుంచి మూడుసార్లే.

---

పాతహద్దులు జవాబు:

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. మొత్తం చిక్కుముడి ఇక్కడే ఉంది.

2002 పునర్విభజన చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ సంఘం 2001 జనాభా లెక్కలతో హద్దులు గీసింది. రాష్ట్రానికి మొత్తం సీట్లు మారలేదు, 42కి 42. లోపలి గీతలు మాత్రం మారాయి. 2008 ఫిబ్రవరి 19 నుంచి కొత్త హద్దులు అమల్లోకి వచ్చాయి. కానీ రాజ్యాంగం 82వ అధికరణ ఒక మాట స్పష్టంగా చెబుతుంది: కొత్త హద్దులు అప్పటికి ఉన్న లోక్‌సభలో ప్రాతినిధ్యాన్ని తాకవు, ఆ సభ రద్దయ్యేదాకా పాతవే. పద్నాలుగో లోక్‌సభ 2009 మే దాకా ఉంది. దానిలో ఖాళీ అయిన సీటు పాత హనుమకొండ సీటు. ఆ ఖాళీని నింపడానికి పాత హద్దుల్లోని ఓటర్లే ఓటు వేయాలి, వేశారు.

2008 మార్చిలో టీఆర్‌ఎస్ ఎంపీలు నలుగురు, ఎమ్మెల్యేలు 16 మంది ప్రత్యేక తెలంగాణ కోరుతూ రాజీనామా చేశారు. మే 29న పోలింగ్, జూన్ 1న లెక్కింపు. అదే మే నెలలో కర్ణాటక శాసనసభ ఎన్నికలు కొత్త హద్దులతో జరిగాయి. అక్కడ ఎన్నికవుతున్నది కొత్త సభ, ఇక్కడ పాత సభలో ఖాళీ. ఒకే నెలలో పక్కపక్క రాష్ట్రాల్లో రెండు రకాల హద్దులు వాడడానికి కారణం ఇంతే.

కాబట్టి "2008లో రద్దు" అన్నదీ, "2009 దాకా ఉంది" అన్నదీ రెండూ వాస్తవమే, దేని గురించి చెబుతున్నామన్నదాన్ని బట్టి. ఉత్తర్వు తేదీకి ఒక గడి, చివరి ఎంపీ పదవీకాలం ముగిసిన తేదీకి ఇంకో గడి పెట్టండి. చివరి ఎన్నిక 2008 మే, చివరి ఎంపీ వినోద్ కుమార్, ఆయన పదవి 2009 మేలో సభతోపాటే ముగిసింది. 2009 ఎన్నికల్లో ఆయన కరీంనగర్‌కు మారారు, పొన్నం ప్రభాకర్ చేతిలో ఓడారు. కరీంనగర్ 2009 వరుసను హనుమకొండకు కొనసాగింపుగా అతికించకండి.

ఆ నాలుగు లోక్‌సభ ఉప ఎన్నికల్లో టీఆర్‌ఎస్‌కు మిగిలినవి రెండే. కరీంనగర్‌లో కేసీఆర్, హనుమకొండలో వినోద్ కుమార్. వరంగల్‌లో తెలుగుదేశం నుంచి ఎర్రబెల్లి దయాకర్ రావు, ఆదిలాబాద్‌లో కాంగ్రెస్ నుంచి ఇంద్రకరణ్ రెడ్డి గెలిచారు. వరంగల్, హనుమకొండ ఆనుకుని ఉన్న స్థానాలు, పోలింగ్ ఒకే రోజు, వాదం ఒక్కటే, ఫలితాలు వేర్వేరు. ఈ పోలిక మీద ఎవరైనా బూత్‌వారీగా పని చేస్తే చాలా తేలుతుంది, ఇంతవరకు దాని మీద ఉండాల్సినంత శ్రద్ధ లేదు.

2006 డిసెంబరులో ఉప ఎన్నిక జరిగింది కరీంనగర్‌కు, హనుమకొండకు కాదు. దాన్ని, 2008ని కలిపేసి "హనుమకొండకు రెండు ఉప ఎన్నికలు" అని రాసిన చోట్లు ఉన్నాయి. హనుమకొండకు ఒక్కటే.

---

మానేరు తీరం జవాబు:

1984 గురించి.

అంకెలు ముందు. జంగారెడ్డికి 2,63,762. పీవీకి 2,09,564. తేడా 54,198. ఈ మూడు అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతాయి, తీసివేసి చూసుకోండి. తేడా 54 వేలు అంటే పెద్దగా వినిపిస్తుంది గానీ, 27,100 మంది అటు నుంచి ఇటు మారి ఉంటే ఫలితం తిరగబడేది. ఇద్దరికీ వచ్చిన మొత్తం 4,73,326లో జంగారెడ్డి వాటా 55.7 శాతం, పీవీ వాటా 44.3 శాతం. ఇవి ఇద్దరి మధ్య వాటాలు. చెల్లిన ఓట్లలో శాతం కావాలంటే మిగతా అభ్యర్థుల ఓట్లూ కలపాలి, అప్పుడు రెండూ తగ్గుతాయి. ఈ 55.7ను "ఓట్ల శాతం" గడిలో పెట్టకండి.

ఇక కారణం. ఆ డిసెంబరులో ఇందిరాగాంధీ హత్య తర్వాతి సానుభూతితో దేశమంతా కాంగ్రెస్ 400 స్థానాలు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆరే. తెలుగుదేశం 30. మిగతా ఆరు స్థానాలు ఎలా పడ్డాయో చూస్తే హనుమకొండ కథ అర్థమవుతుంది: హనుమకొండలో బీజేపీ, భద్రాచలంలో సీపీఐ, మిర్యాలగూడలో సీపీఎం, మహబూబ్‌నగర్‌లో జనతా (జైపాల్ రెడ్డి), పార్వతీపురంలో కాంగ్రెస్ (ఎస్) (కిశోర్ చంద్రదేవ్), హైదరాబాద్‌లో మజ్లిస్ నేత సలావుద్దీన్ ఒవైసీ. మజ్లిస్‌ను పక్కన పెడితే మిగతా అయిదూ తెలుగుదేశం కాంగ్రెసేతర పక్షాలకు సర్దుబాటులో వదిలిన చోట్లే. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తొలగించడం, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న మళ్లీ ఆయన్నే ప్రమాణం చేయించాల్సి రావడం, ఆ కోపం డిసెంబరు దాకా చల్లారలేదు. పీవీ గారు ఆ సమయంలో కేంద్ర హోంమంత్రి. రాష్ట్రంలో కాంగ్రెస్ మీద ఉన్న కోపానికి హనుమకొండలో ఎదురుగా నిలబడిన అభ్యర్థి కేంద్రంలో ఆ స్థాయి మనిషి.

బీజేపీకి దేశం మొత్తంలో వచ్చినవి రెండు సీట్లే, ఇదొకటి, గుజరాత్‌లోని మెహసానా రెండోది. అందుకే దీన్ని ఆ పార్టీ చరిత్రలో గొప్పగా చెప్పుకుంటారు. కానీ హనుమకొండ చరిత్రలో మాత్రం ఇది కూటమి సీటు. ఆ తర్వాత ఏడు ఎన్నికల్లో, ఉప ఎన్నికతో కలిపి, బీజేపీ మళ్లీ ఇక్కడ గెలవలేదు.

పీవీ రాంటెక్‌లోనూ నామినేషన్ వేయడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పట్లో ఒకరు ఇన్ని చోట్లే పోటీ చేయాలన్న పరిమితి చట్టంలో లేదు. గరిష్ఠంగా రెండు అన్న నిబంధన 1996 సవరణతో వచ్చింది. రెండో చోటు చూసుకున్నారంటే హనుమకొండ గట్టిగా లేదన్న అంచనా కాంగ్రెస్‌కు ముందే ఉందనుకోవచ్చు.

---

పాతహద్దులు జవాబు:

మానేరు తీరం గారూ, కూటమి వాదంతో చాలామటుకు ఏకీభవిస్తాను, కానీ జంగారెడ్డి గారి సొంత పట్టును అంత తేలిగ్గా తీసేయలేం. ఆయన 1967లోనే జనసంఘ్ అభ్యర్థిగా పరకాల ఎమ్మెల్యే. 1978లో జనతా తరఫున, 1983లో బీజేపీ తరఫున శాయంపేట నుంచి గెలిచారు. 1983 ఎన్నికల్లో తెలుగుదేశం రెండు వందలకు పైగా స్థానాలు ఊడ్చేసింది, అప్పుడు బీజేపీతో పొత్తు లేదు. ఆ గాలికి ఎదురు నిలిచి గెలిచినవాళ్లు బీజేపీలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఉదయగిరిలో వెంకయ్యనాయుడు, శాయంపేటలో జంగారెడ్డి ఆ కొద్దిమందిలో ఉన్నారు. కాబట్టి 1984లో తెలుగుదేశం ఈ సీటు బీజేపీకి వదలడానికే ఆయన ఉండడం కారణం. వేరే అభ్యర్థి అయితే సీటు కూటమిలో బీజేపీకి వచ్చేదా అన్నదే సందేహం.

పట్టికలో వ్యాఖ్య రాస్తే "కూటమి బలం, అభ్యర్థి సొంత పునాది" అని రెండూ రాయండి. గాలి ఒక్కటే రాస్తే 1983 ఫలితానికి అర్థం చెప్పలేం.

---

మానేరు తీరం జవాబు:

1983 ఫలితం గట్టి ఆధారమే, ఒప్పుకుంటాను. అయితే అది లోక్‌సభ స్థానంలోని ఏడు శాసనసభ స్థానాల్లో (సెగ్మెంట్లలో) ఒకదాని బలం. లోక్‌సభ స్థానం మొత్తంలో 54 వేల ఆధిక్యానికి మిగతా సెగ్మెంట్లలో తెలుగుదేశం ఓటు బదిలీ కావాలి. సెగ్మెంట్లవారీ లెక్క దొరికితే దానితోనే తేల్చాలి: శాయంపేట, పరకాల వైపు ఆధిక్యం ఎంత, మిగతా చోట్ల ఎంత. ఆధిక్యం అన్ని సెగ్మెంట్లలో దాదాపు సమంగా ఉంటే గాలి, రెండు చోట్ల కుప్పపడి ఉంటే వ్యక్తి.

---

ఓరుగల్లు దారి:

చాలా ఉపయోగపడింది. ఇంకొకటి అడగాలి. ఈ స్థానం ఎప్పుడూ రాష్ట్రంలో గెలిచే పక్షానికే ఓటు వేసిందని ఒక వ్యాసంలో ఉంది. నిజమేనా? అలాగే ఓటర్ల సంఖ్య, పోలింగ్ శాతం గడులు కూడా చేర్చాలనుకుంటున్నాను, అక్కడ ఏం చూసుకోవాలి?

---

గణాంకం జవాబు:

మొదటిది సరిచూడడం తేలికే. రాష్ట్రంలో 1977లో కాంగ్రెస్‌కు 41, 1980లో 41, 1984లో తెలుగుదేశానికి 30, 1989లో కాంగ్రెస్‌కు 39, 1991లో 25, 1996లో 22, 1998లో మళ్లీ కాంగ్రెస్‌కే 22, 1999లో తెలుగుదేశానికి 29, 2004లో కాంగ్రెస్‌కు 29. హనుమకొండతో పోల్చితే 1998 తప్పుతుంది. ఆ ఏడాది రాష్ట్రంలో తెలుగుదేశానికి వచ్చినవి 12, వాటిలో హనుమకొండ ఒకటి. 1984లో బీజేపీ, 2004లో టీఆర్‌ఎస్ గెలిచినవి కూటమి లెక్కలో మాత్రమే "రాష్ట్రంతోపాటు" అవుతాయి. కాబట్టి "ఎప్పుడూ" అన్న మాట నిలవదు.

1998, 1999 రెండింటిలో సురేష్ రెడ్డి గెలిచారు కాబట్టి ఆయన ఓటు పెరిగిందా, తగ్గిందా అని పోల్చబుద్ధి అవుతుంది. 1998లో బీజేపీ తెలుగుదేశానికి ఎదురు నిలిచింది, 1999లో కలిసింది. అభ్యర్థి అదే అయినా పెట్టె వేరు. 2004, 2008 మధ్యా అంతే: మొదటిసారి టీఆర్‌ఎస్, కాంగ్రెస్ కలిసి, నాలుగేళ్లకు ఎదురెదురుగా. పొత్తు గడి లేకుండా శాతాల పెరుగుదల రాస్తే చదివేవాళ్లను దారి తప్పించినట్టే.

ఓటర్ల సంఖ్య దగ్గర 1984కి, 1989కి మధ్య ఒక్కసారిగా పెరుగుదల కనిపిస్తుంది. జనాభా అంత పెరగలేదు. 61వ రాజ్యాంగ సవరణతో 1989 మార్చి నుంచి ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి దిగింది. ఆ రెండు వరుసల మధ్య గీత గీసి ఒక గమనిక రాయండి.

పోలింగ్ శాతానికి ఇంకో మెలిక. ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు కలిసి జరిగినవి ఈ కాలంలో 1989, 1999, 2004 మాత్రమే. ఎమ్మెల్యే ఎన్నిక కూడా ఉన్నప్పుడు ఊళ్లలో ఓటర్లను బయటికి తెచ్చే మనుషులు ఎక్కువ. 1991, 1996, 1998 లోక్‌సభకు విడిగా జరిగాయి. ఉప ఎన్నిక సరేసరి. కలిసి జరిగిన ఏడాదిని, విడిగా జరిగిన ఏడాదిని పోల్చి "ఆసక్తి తగ్గింది" అనకూడదు.

ఓట్ల గడులు మూడు ఉండాలి: పోలైనవి, చెల్లనివి, చెల్లినవి. 1999 దాకా ఇక్కడ బ్యాలెట్ పత్రాల లెక్కల్లో చెల్లనివి వేలల్లో ఉండడం మామూలు. 2004లో దేశమంతా ఓటింగ్ యంత్రాలు వచ్చాక ఆ గడి దాదాపు ఖాళీ. అభ్యర్థి శాతాన్ని ఒక చోట పోలైన ఓట్ల మీద, ఇంకో చోట చెల్లిన ఓట్ల మీద కట్టడం వల్లే రెండు పట్టికల మధ్య ఒకటి రెండు శాతాల తేడా వస్తుంది. ఎన్నికల సంఘం చెల్లిన ఓట్ల మీద కడుతుంది, మీరూ అదే పట్టుకోండి. డిపాజిట్ గల్లంతు లెక్క కూడా చెల్లిన ఓట్లలో ఆరో వంతు మీదే. నోటా 2013లో వచ్చింది కాబట్టి ఈ స్థానానికి ఆ గడి అక్కర్లేదు.

ఎక్కడ చూడాలంటే, ప్రతి సాధారణ ఎన్నికకూ ఎన్నికల సంఘం గణాంక నివేదికలు ఉన్నాయి. మొదటి సంపుటిలో రాష్ట్రాలవారీ మొత్తాలు, అభ్యర్థులవారీ ఫలితాలు. రెండో దానిలో నియోజకవర్గ సారాంశం. 1999, 2004లకు మూడో సంపుటి కూడా ఉంది, లోక్‌సభ స్థానంలోని శాసనసభ సెగ్మెంట్లవారీ ఓట్లు అందులో దొరుకుతాయి. సెగ్మెంట్ల మొత్తం కూడితే తుది ఫలితం కంటే కొన్ని ఓట్లు తగ్గుతాయి. కంగారు పడకండి, తపాలా ఓట్లు సెగ్మెంట్లలో కలవవు, లోక్‌సభ స్థానం మొత్తంలోనే కలుస్తాయి. ఆ తేడా తపాలా ఓట్ల సంఖ్యతో సరిపోతే మీ కూడిక సరైనట్టు.

2008 ఉప ఎన్నిక ఈ సాధారణ ఎన్నికల నివేదికల్లో ఉండదు, ఎందుకంటే అవి ఒక్కో సాధారణ ఎన్నికకు మాత్రమే తయారైనవి. ఉప ఎన్నికల ఫలితాలు విడి జాబితాలో వెతకాలి. ఈ ఒక్క కారణంతోనే సగం పట్టికలు 2004తో ఆగిపోతాయి.

---

పాతహద్దులు జవాబు:

నాలుగో ప్రశ్న, ఇప్పటి వరంగల్‌తో పోలిక. నేరుగా పోల్చకూడదు, గట్టిగా చెబుతున్నాను.

పాత హనుమకొండ ప్రాంతం 2009 నుంచి ఒకే లోక్‌సభ స్థానంలో లేదు. హనుమకొండ శాసనసభ స్థానం పోయి వరంగల్ పశ్చిమ వచ్చింది, అది వరంగల్ లోక్‌సభలో. ఆ లోక్‌సభ స్థానం 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. పరకాల అందులోనే. శాయంపేట శాసనసభ స్థానం రద్దయి ఆ మండలం భూపాలపల్లిలో చేరింది, అదీ వరంగల్‌లోనే. కానీ పీవీ గారి ఊరు వంగరను చూడండి: భీమదేవరపల్లి మండలం, ఇప్పుడు హనుమకొండ జిల్లా, ఓటు వేసేది హుస్నాబాద్ శాసనసభ స్థానంలో, లోక్‌సభకు కరీంనగర్‌లో. కమలాపూర్ శాసనసభ స్థానం రద్దయింది, ఆ మండలం హుజూరాబాద్‌లో కలిసింది, అది కూడా కరీంనగర్ లోక్‌సభే. జిల్లా ఒకటి, లోక్‌సభ స్థానాలు రెండు.

పేర్ల గందరగోళం అదనం. హనుమకొండ అన్న పేరు లోక్‌సభ స్థానానికీ, 2008 ముందు దాకా ఒక శాసనసభ స్థానానికీ, 2021లో వరంగల్ అర్బన్ పేరు మారాక ఒక జిల్లాకూ ఉంది. మూడింటి హద్దులు మూడు రకాలు. పత్రికల పాత సంచికల్లో "హనుమకొండలో విజయం" అని శీర్షిక కనిపిస్తే అది ఎంపీదా, ఎమ్మెల్యేదా అని ఓట్ల సంఖ్య చూసి తేల్చుకోవాలి. గెలిచిన ఓట్లు రెండు లక్షల పైన ఉంటే లోక్‌సభ, వేలల్లో ఉంటే శాసనసభ. పేరు కూడా హనుమకొండ, హన్మకొండ, హనంకొండ అని మూడు రకాలుగా వెతకండి, ఒక్క వర్ణక్రమంతో వెతికితే సగం పోతుంది.

అయినా పోల్చి తీరాలంటే ఒక పద్ధతి ఉంది, శ్రమ ఎక్కువ. 1976 ఉత్తర్వులో శాసనసభ స్థానాల విస్తీర్ణం తాలూకాలు, ఫిర్కాల్లో (తాలూకాలోని చిన్న రెవెన్యూ విభాగాల్లో) రాసి ఉంటుంది. 2008 ఉత్తర్వులో మండలాల్లో ఉంటుంది. మండలాలు 1985లో వచ్చాయి. కాబట్టి ముందు ఏ ఫిర్కాలోని ఏ గ్రామాలు ఏ మండలంలోకి వెళ్లాయో ఒక జాబితా కావాలి. జనగణన జిల్లా పుస్తకాలు 1981వి, 1991వి పక్కపక్కన పెడితే గ్రామస్థాయిలో ఇది తేలుతుంది, ఎందుకంటే మొదటిది తాలూకాలవారీ, రెండోది మండలాలవారీ. ఆ జాబితా అయ్యాక 2004 ఎన్నికకు ఫారం 20 (తుది ఫలితాల పత్రం) తీసుకోవాలి. అందులో ప్రతి పోలింగ్ కేంద్రం ఓట్లు విడిగా ఉంటాయి. కేంద్రం ఏ గ్రామానిదో పోలింగ్ కేంద్రాల జాబితా చూసి గుర్తించి, ఆ గ్రామం కొత్త హద్దుల్లో ఎక్కడ పడిందో చూసి, ఓట్లను కొత్త స్థానాలవారీగా కూడాలి. అప్పుడు "2004లో కొత్త హద్దులు ఉండి ఉంటే" అన్న ఊహా ఫలితం వస్తుంది, దాన్ని 2009తో పోల్చవచ్చు.

ఇది 2004కే సాధ్యం. బ్యాలెట్ పత్రాల రోజుల్లో లెక్కింపుకు ముందు పలు కేంద్రాల పత్రాలు కలిపేసే పద్ధతి ఉండేది. అలా కలిపిన చోట కేంద్రంవారీ లెక్క మిగలదు. 1984కు ఇలా చేద్దామని దిగితే సెగ్మెంట్ దగ్గరే ఆగిపోతారు. 2008 ఉప ఎన్నిక ఫారం 20 దొరికితే దానితోనూ చేయవచ్చు, 2009కి అదే దగ్గరి ఎన్నిక కూడా. కానీ ఉప ఎన్నికకు పోలింగ్ కేంద్రాల సంఖ్యలు మారి ఉండవచ్చు. సంఖ్య మీద కాకుండా గ్రామం, బడి పేరు మీద జత కలపండి.

తపాలా ఓట్లను ఏ గ్రామానికీ చేర్చలేం. వాటిని పక్కన పెట్టి, పెట్టామని కింద రాయడమే మర్యాద.

---

మానేరు తీరం జవాబు:

దానికి చేర్పుగా: రిజర్వేషన్ మారిన చోట హద్దుల లెక్క సరిచేసినా అభ్యర్థుల పోలిక కుదరదు. హనుమకొండ జనరల్ స్థానం, వరంగల్ ఇప్పుడు ఎస్సీ స్థానం. పార్టీల ఓటు వరకే పోల్చండి.

రాష్ట్రంలో ఆ విడత రద్దయిన మిగతా లోక్‌సభ స్థానాలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. హనుమకొండతో కలిపి ఏడు: సిద్దిపేట, మిర్యాలగూడ, భద్రాచలం, పార్వతీపురం, బొబ్బిలి, తెనాలి. వచ్చినవీ ఏడే: జహీరాబాద్, మల్కాజిగిరి, చేవెళ్ల, భువనగిరి, మహబూబాబాద్, అరకు, విజయనగరం. ఎవరైనా మిర్యాలగూడ తీసుకుంటే అక్కడ ఒక ప్రత్యేక జాగ్రత్త: సీపీఎం భీమిరెడ్డి నరసింహారెడ్డి, కాంగ్రెస్ బద్దం నరసింహారెడ్డి ఇద్దరూ ఆ స్థానం నుంచి ఎంపీలే, ఇద్దరి పొడి అక్షరాలూ బి.ఎన్. రెడ్డే. పార్టీ గడి చూడకుండా పేరు మీద కలిపితే ఇద్దరూ ఒక్కరైపోతారు.

---

ఓరుగల్లు దారి:

అందరికీ ధన్యవాదాలు. 1971 వరుస తీసేశాను. 1980కి పార్టీ సంకేతం వేరు చేశాను. పొత్తు గడి, చెల్లని ఓట్ల గడి చేర్చాను. 1984కి సెగ్మెంట్లవారీ లెక్క కోసం చూస్తున్నాను, దొరికితే ఇక్కడే పెడతాను. ఒక్క చిన్న సందేహం: 2008 ఉప ఎన్నికను వరుసలో ఎక్కడ పెట్టాలి, 2004 కిందనా, విడిగానా?

---

గణాంకం జవాబు:

2004 కిందే, పద్నాలుగో లోక్‌సభ అన్న గడిలో, కానీ సొంత వరుసగా పెట్టండి. ఏడాది గడిలో "2008 (ఉప)" అని, కారణం గడిలో "రాజీనామా" అని రాయండి. ఎంపీల పదవీకాలం లెక్కించేటప్పుడు 2008 మార్చి నుంచి జూన్ దాకా సీటు ఖాళీ అని మరిచిపోకండి. వినోద్ కుమార్ గారి కాలం అయిదేళ్లు నిండుగా రాదు. కమాలుద్దీన్ గారికి మూడు గెలుపులు ఉన్నా మొత్తం కాలం ఎనిమిదేళ్లు కూడా నిండదు, తొమ్మిదో, పదకొండో లోక్‌సభలు మధ్యలోనే రద్దయ్యాయి కనుక. గెలుపుల సంఖ్య గడి, పదవిలో ఉన్న కాలం గడి రెండూ విడిగా ఉంచండి.